నాయన చేతికి పడని గేరు

ఆ కాలంలో మా ఊళ్లో ఒక మనిషి గొప్పతనం ఆయనకు ఏ బండి ఉందన్నదాన్ని బట్టి కాక, ఉన్న బండి ఆయన మాట ఎంత వింటుందన్నదాన్ని బట్టి తేలేది. గొలుసు ఊడకుండా తనకల్లు దాకా సైకిలు తొక్కి వచ్చినవాడు కూడా మొనగాడే. ఆ లెక్కన మా నాయన ఊరందరికీ లోకువైపోయిన మనిషి, ఎందుకంటే ఆయన ట్రాక్టరు ఆయన మాట బొత్తిగా వినేది కాదు. నేనేమో ఇరవై ఏళ్లవాణ్ణి, కదిరిలో డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఇంటికొచ్చి ఫలితాల కోసం కూర్చున్నవాణ్ణి, ఆ ట్రాక్టరు నా మాట మాత్రమే వింటుందని ఊరంతా చాటుకు తిరిగినవాణ్ణి. (ఫలితాలు వచ్చాక తెలిసింది, పుస్తకాలు మాత్రం నా మాట అంతగా వినలేదని.) మా ఊరికి కొత్తగా ఎస్టీడీ బూతు వచ్చిన ఏడాది, తొలి వాన పడిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. నవ్వుతూ చెప్పాలనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వగలనో లేదో నాకే తెలియదు.

మాది తనకల్లుకు కొంత దూరంలో ఎర్రనేలల పల్లె. కాలువ లేదు, బోరు వేస్తే దుమ్ము తప్ప మరేమీ రాలేదు. వాన పడితే వేరుశనగ వేసుకోవడం, పడకపోతే ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ నాయన రెండు ఎద్దులతోనే సేద్యం చేశాడు. అలాంటి మనిషి అంతకు ముందు ఏడాది ఉన్నట్టుండి ఆ ఎద్దులు రెండూ అమ్మేసి, ఇంట్లో ఒక్క మాటయినా చెప్పకుండా కణేకల్ పోయి, అక్కడ కాలువ కింద వరి మళ్లు దున్ని దున్ని అలసిపోయిన ఒక పాత ట్రాక్టరు తెచ్చుకున్నాడు. అమ్మినవాళ్ల డ్రైవరే దాన్ని నడుపుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టి, బస్సెక్కి వెళ్లిపోయాడు. నాయన మడ్‌గార్డు మీద కూర్చుని పెళ్లికొడుకులా ఊళ్లోకి వచ్చాడు. మా పెదనాయన, అంటే నాయనకు స్వయానా అన్న, టీ అంగడి దగ్గర నిలబడి, ఈ వయసులో మా వానికి షోకు పట్టిందప్పా అని తేల్చేశాడు. ఊరంతా అదే మాట అంది. నేనూ అదే అనుకున్నాను, కాకపోతే కాలేజీలో స్నేహితుల దగ్గర మాత్రం మాకు ట్రాక్టరు ఉందని రోజుకు రెండుసార్లయినా చెప్పేవాణ్ణి.

ఇక ఆ ట్రాక్టరు గేరు సంగతి. నాయన దాని మీద కూర్చుని గేరు రాడ్డు పట్టుకుంటే చాలు, లోపలి నుంచి గర్రుమని ఒక చప్పుడు వచ్చేది. రాతి మీద పార గీకినట్టుండే ఆ చప్పుడుకు వీధి కుక్కలు కూడా లేచి దూరంగా పోయి పడుకునేవి. నాయన రాడ్డును రెండు చేతులతో తోసేవాడు, గుంజేవాడు, బుజ్జగించేవాడు. ఎద్దులను అదిలించినట్టు నాలుకతో టక్ టక్ అని చప్పుడు కూడా చేసేవాడు. (అలా చేస్తున్నానని ఆయనకు తెలియదు. నేను కదిరి స్నేహితుల ముందు దాన్ని అనుకరించి చూపించి నవ్వించేవాణ్ణి. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.) గేరు మాత్రం పడేది కాదు. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. నూనె గడ్డకట్టిందన్నారు, రాడ్డు వంగిందన్నారు. పెదనాయన చెప్పిన కారణం అన్నిటికంటే పైస్థాయిది. కాలువ నీళ్లు చూసిన బండికి మన దుమ్ము నేలల్లో దిగడం ఇష్టం లేదట, అందుకని అలిగిందట. నాయన దానికి కూడా తల ఊపాడు. ఎవరే కారణం చెప్పినా ఆయన కాదనేవాడు కాదు, తప్పు గేరుదే అయితే చాలు.

తనకల్లులో ఒక మెకానిక్కు ఉండేవాడు. అందరూ ఆయన్ని గ్రీజన్న అనేవాళ్లు. నాయన ఆయన్ని పిలిపించి ఇంటి ముందరే గేరుబాక్సు మూత విప్పించాడు. ఊరు ఊరంతా వచ్చి లోపలికి తొంగిచూసింది. గ్రీజన్న గేరు చక్రాల పండ్లన్నీ గుడ్డతో తుడిచి, చూసి, నూనె మార్చి, మూత బిగించి, తనే ఎక్కి నడిపి చూపించాడు. గేరు వెన్నలో వేలు పెట్టినట్టు పడింది. నాయన ఎక్కితే మళ్లీ గర్రుమంది. నెల తిరక్కుండా రెండోసారి కూడా మూత విప్పించాడు. మళ్లీ అదే తంతు. గ్రీజన్న చేతులు తుడుచుకుని, ఇది మొండి గేరన్నా, కొన్ని బండ్లంతే, అని అందరికీ వినబడేలా చెప్పి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నాయన తనదైన పద్ధతి కనిపెట్టుకున్నాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడే గేరు వేసి పెట్టేవాడు, ఆ తర్వాత తాళం తిప్పేవాడు. ట్రాక్టరు ఒక్కసారిగా ఎగిరి ముందుకు దూకేది. అందుకే తాళం తిప్పే ముందు, ముందర ఎవరూ నిలబడొద్దండప్పా అని కేక పెట్టేవాడు. మా వీధి కోళ్లకు ఆ కేక అర్థమయ్యేది, మనుషుల కంటే ముందు అవే తప్పుకునేవి. ఇంటి దగ్గర వేసిన గేరే పొలం దాకా, పొలంలో సాయంత్రం దాకా, మళ్లీ ఇంటి దాకా. దున్నకానికి వేసే రెండో గేరులోనే ఒకసారి తనకల్లు సంతకు బయలుదేరాడు. దారిలో ఒక గొర్రెలాయన వెనక నుంచి వచ్చి, కొంచెం పక్కకు తీ అన్నా, జీవాలు పోవాల అని అడిగి, మందతో సహా దాటుకుని పోయాడు. నాయన చేరేసరికి సంతలో వంకాయలు కూడా మిగల్లేదు. ఈ కథ చెప్పి మా అమ్మ కూడా నవ్వేది. కానీ నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయేది. ఎందుకో నేను అడగలేదు.

అలాంటి సమయంలో, పరీక్షలు రాసి వచ్చిన నేను, ఒక మధ్యాహ్నం నాయన నిద్రపోతుండగా ట్రాక్టరు ఎక్కి గేరు వేశాను. పడింది. రెండో గేరు వేశాను. పడింది. రివర్సు కూడా పడింది. నాకు నా మీద అపారమైన గౌరవం పుట్టింది. బి.ఎస్సీ. చదివినవాణ్ణి కాబట్టి దానికి కారణం కూడా నేనే కనిపెట్టాను. అంతా మణికట్టులో ఉందని, రాడ్డును తోయకూడదు, మణికట్టుతో చిన్న మెలిక ఇవ్వాలని టీ అంగడి దగ్గర పది మందికి చేయి తిప్పి చూపించాను. వాళ్లలో ఇద్దరు చాలా రోజులు ఖాళీ చేతులతో ఆ మెలిక సాధన చేశారు. నాయన విని, నీకు పడతాదిలే నాయనా అన్నాడు అంతే. అయినా బండి నాకు ఇవ్వలేదు. వాన పడితే విత్తనం తానే వేస్తానన్నాడు.

వాన జూన్ చివర్లో పడింది. మా ప్రాంతం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎర్రనేలలో తడి రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ తడినే పదును అంటారు. పదును ఉండగా విత్తనం భూమిలో పడితే ఆ ఏడాది తిండి ఉన్నట్టు, ఆరిపోయాక పడితే లేనట్టు. మా ఎనిమిది ఎకరాలూ, పెదనాయన ఐదు ఎకరాలూ మా ట్రాక్టరుతోనే విత్తాలని ముందే మాట. ట్రాక్టరు వెనక విత్తనం గొర్రు తగిలిస్తారు, దానికి అడ్డంగా ఒక పలక ఉంటుంది. ఆ పలక మీద నలుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఒళ్లో గింజలు పెట్టుకుని, బండి కదులుతుంటే గొట్టాల్లోకి ఒక్కో గింజే వదులుతూ పోవాలి. బండి కుదుపు లేకుండా పోతేనే వాళ్ల చెయ్యి ఆగకుండా ఆడుతుంది. మా అమ్మ ఆ పలక మీద చివర కూర్చుంది. నాయన స్టీరింగు పట్టుకున్నాడు.

మొదటి చేను సగం దాకా బాగానే సాగింది. చేను కొసన రాళ్లగట్టు దగ్గర తిరగడానికి చోటు చాలదు, ఆపి, రివర్సు వేసి, వెనక్కి తీసుకుని తిప్పాలి. నాయన ఆపబోయాడు. ట్రాక్టరు ఆగలేదు. గట్టు మీదికి ముందు చక్రం ఎక్కించి, గర్రుమని అరిచి, ఒక్క విదిలింపు విదిలించి ఇంజను ఆగిపోయింది. పలక మీది ఆడవాళ్లలో ముగ్గురు దూకేశారు. మా అమ్మ పడిపోయింది. ఒళ్లోని గింజలన్నీ బురదలో కలిశాయి. మణికట్టు పట్టుకుని లేచి, నాకేం కాలేదు, పదును పోతాండాది, కానీండి అంది. చెయ్యి అప్పటికే వాచింది.

నేను పరుగెత్తుకొచ్చాను. అక్కడ పెదనాయన ఉన్నాడు, పక్క చేల వాళ్లంతా ఉన్నారు. వాళ్లు లేకపోతే ఆ మాట అనేవాణ్ణి కాదేమో. ఉన్నారు కాబట్టే అన్నాను.

"నీకు చేతకాదు నాయనా, దిగు. ఎద్దులు తోలుకునేవానికి ఇది యాడ వస్తాది?"

నాయన స్టీరింగు వదిలాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. ఎడమ తొడ కింద రెండు చేతులూ వేసి, కాలును ఎత్తి ఇవతలకి పెట్టుకుని, తర్వాత మనిషి దిగాడు. అలక చూపిస్తున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. గట్టు వెంట మెల్లగా ఇంటివైపు నడిచి వెళ్లిపోయాడు. నేను ఎక్కి, అందరూ చూస్తుండగా మణికట్టుకు కాస్త ఎక్కువ మెలికే ఇచ్చి రివర్సు వేశాను. సూది పడ్డ చప్పుడు కూడా రాలేదు. ఎవరో ఈల వేశారు. పెదనాయన, కొడుకంటే వీడప్పా అన్నాడు. మరుసటి రోజు పొద్దు వాలేలోపు మా ఎనిమిది ఎకరాలూ విత్తేశాను. పెదనాయన చేను మొదలుపెట్టేసరికి పదును ఆరిపోయింది, ఆయన మళ్లీ వాన కోసం ఆగాల్సి వచ్చింది. అయినా ఊళ్లో నా పేరే పేరు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే నాయన అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను మజ్జిగ అడిగి పోయించుకుని మరీ తిన్నాను.

నాలుగు రోజుల తర్వాత నూనె మార్పించడానికి ట్రాక్టరు తనకల్లు తీసుకుపోయాను. (నాలుగో గేరులో, గాలికి జుట్టు ఎగురుతుండగా.) గ్రీజన్నకు నా మణికట్టు సిద్ధాంతమంతా వివరించాను. ఆయన ఒక నట్టును చాలాసేపు తుడుస్తూ విన్నాడు. మా నాయనను గట్టు దగ్గర దించేసిన సంగతి కూడా గొప్పగా చెప్పేసరికి తుడవడం ఆపేశాడు.

"మణికట్టూ లేదు, ఏమీ లేదప్పా. క్లచ్చు నిండా తొక్కితే ఎవరికైనా గేరు పడతాది. మీ నాయన ఎడమకాలికి సత్తువ లేదు. సగం కూడా తొక్కలేకపోతాండాడు."

నేను నమ్మలేదు. మరి రెండుసార్లు గేరుబాక్సు ఎందుకు విప్పావని అడిగాను. మొదటిసారి విప్పినప్పుడే తనకు సంగతి తెలిసిందని, రెండోసారి నాయనే పక్కకు పిలిచి బతిమాలి విప్పమన్నాడని చెప్పాడు. చూసేవాళ్ల కోసం విప్పినాలేప్పా అన్నాడు. కాలు పోయిందని తెలిస్తే మరునాడే పొలం కౌలుకు ఇస్తావా అని మనుషులు వస్తారట, మొదట వచ్చేది తన అన్నేనట, నాయన అలా అన్నాడట. తర్వాత గ్రీజన్న అన్న మాట నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"ఎద్దుల ఎనక నడవలేకనే కదప్పా దీన్ని తెచ్చుకుండేది. కూర్చోని సేద్యం చేసుకుంటానన్నాడు నాతో. పాపం, ఇదీ ఆ కాలునే అడిగె."

తిరుగుదారిలో నేను ఏ గేరులో వచ్చానో నాకు గుర్తు లేదు. షోకు అని ఊరంతా అన్న మాట, నేను కూడా అనుకున్న మాట, చెవుల్లో తిరుగుతూనే ఉంది. ఇంటికొచ్చి అమ్మను అడిగాను. చేతికి పసుపు కట్టుతో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందని కదిరి డాక్టరు రెండేళ్ల కిందటే చెప్పాడంది. రెండేళ్లుగా రోజూ ఆ కాలికి నూనె రాస్తూనే ఉందట. నాకెందుకు చెప్పలేదంటే, నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే కదా నాయనా అంది. కోపంగా అనలేదు. అది నిజమే కాబట్టి నాకు ఏడుపొచ్చింది. అరుగు మీదికి పోయి నాయన పక్కన కూర్చున్నాను. తప్పయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మా ఇంట్లో తండ్రికి కొడుకు అలా చెప్పిన అలవాటు లేదు. నూనె మార్పించినా అని మాత్రం చెప్పాను. ఊఁ అన్నాడు. ఆ తర్వాత కూడా ఆయన పొలం వైపు రాలేదు. విత్తనం మొలిచిందని చెప్పినా చూడటానికి రాలేదు. సేద్యం చేసే మనిషి మొలక చూడటానికి రాకపోవడం ఎంత పెద్ద సంగతో నాకు అప్పుడే తెలిసింది.

పది రోజులకు రెండో వాన పడింది. పెదనాయన చేను మా ఇంటికి దగ్గరే, వీధి చివరే. గొర్రు తగిలించాం, ఆడవాళ్లు పలక ఎక్కడానికి సిద్ధంగా నిలబడ్డారు, నా మణికట్టు చూడటానికి జనం కూడా బాగానే వచ్చారు. నేను కూర్చుని, క్లచ్చు సగం తొక్కి, గేరు రాడ్డు తోశాను. గర్రుమంది. ఆడవాళ్లు ఇంకా కిందే ఉన్నారని చూసుకుని మళ్లీ తోశాను. మళ్లీ గర్రుమంది. రెండు చేతులతో గుంజాను, చెమటలు తుడుచుకున్నాను, నాటకాల పోటీల్లో ఒక్కసారైనా బహుమతి రాని నేను ఆ రోజు బ్రహ్మాండంగా నటించాను. ఈల వేసినవాడే ఈసారి నవ్వాడు. ఏమైందిరా నీ మెలిక అని పెదనాయన చిరాకుపడ్డాడు. ఆయన పదును ఆరిపోతోంది కదా. నేను అందరికీ వినబడేలా, మొన్న ఏదో పడింది గానీ గ్రీజన్న చెప్పిందే నిజం, ఇది మొండి గేరే, నాయన వస్తే గానీ వినదు, పిలవండి అన్నాను. వేరే దారి లేక పెదనాయన తానే పోయి తమ్ముణ్ణి పిలుచుకొచ్చాడు.

నాయన చేతికర్ర ఆనుకుంటూ మెల్లగా వచ్చాడు. ట్రాక్టరుకు ఎడమవైపు వచ్చి నిలబడ్డాడు. గేరు రాడ్డు వైపు చూడలేదు, నా ముఖం వైపు చూడలేదు. క్లచ్చు మీదున్న నా పాదం వైపు చూశాడు. నేను ఇంకోసారి గర్రుమనిపించాను. ఆయన దగ్గరికి జరిగి, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు.

"చాల్లే నాయనా. పండ్లు అరిగిపోతాయి. కాలుండేవానివి, నిండా తొక్కు."

నాకు చూపు మసకబారింది. అయినా చెయ్యి చాపి ఆయన్ని పైకి లాగి మడ్‌గార్డు మీద కూర్చోబెట్టాను. ఆయన వంగి గేరు రాడ్డు మీద చెయ్యి వేశాడు. నేను క్లచ్చు నేలకు ఆనేదాకా తొక్కాను. ఆయన తోశాడు. చప్పుడు లేకుండా పడింది. కింద జనంలో ఎవరో, ఆ గేరుకు పెద్దాయన చెయ్యే కావాలప్పా అన్నారు. పెదనాయన కూడా అవునన్నాడు. నాయన నాలుకతో టక్ టక్ అన్నాడు. ట్రాక్టరు కదిలింది.

ఆ చేనూ, ఆ తర్వాత మూడేళ్ల సేద్యమూ అలాగే సాగింది. నాకు ఉద్యోగం వచ్చేదాకా క్లచ్చు నేను తొక్కాను, గేర్లు ఆయన వేశాడు. నా మణికట్టు మాటను ఊరు మరిచిపోయింది, నేనూ గుర్తుచేయలేదు. నాయన ఇప్పుడు లేడు. క్షమాపణ ఎప్పటికీ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

నా దగ్గర ఇప్పుడొక చిన్న కారు ఉంది. క్లచ్చు తొక్కాక, గేరు మార్చే ముందు ఒక్క క్షణం ఊరికే ఆగడం నాకు అలవాటు. డ్రైవింగు నేర్పినతను ఆ అలవాటు మాన్పించాలని చాలా ప్రయత్నించి వదిలేశాడు. పక్క సీట్లోంచి నా భార్య ఎవరికోసం ఆగావని అడుగుతుంది. గేరు కొంచెం గట్టిగా ఉందిలే అని నవ్వేసి, నా చేతితోనే వేసుకుంటాను.